టైమింగ్ చైన్‌కు 38,000 పెట్టాలా, కారునే మార్చాలా?

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటూ పరకాల దగ్గరి బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. రోజూ పోనురాను 70 కిలోమీటర్లు కారులోనే వెళ్తాను. అది 2015 మోడల్ డీజిల్ కారు, 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ గరగరమంటోంది. టైమింగ్ చైన్ మార్చాలని, 38,000 అవుతుందని, తెగితే లక్ష దాటుతుందని మెకానిక్ చెప్పాడు. ఉన్నదున్నట్టు అమ్మితే 1,40,000, బాగుచేయించి అమ్మితే 2,20,000 వస్తుందట. పాత బండికి ఇంత ఖర్చు దండగని, 7 లక్షల లోనుతో కొత్తది తీసుకొమ్మని మా తమ్ముడు అంటున్నాడు. పొదుపు ఖాతాలో 45,000, ఎనిమిది నెలల్లో గడువు తీరే 1,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇంకా ఎత్తుకోని 5 లక్షల చిట్టీ ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: కారును బాగుచేయించుకోండి, అదీ ఆలస్యం చేయకుండా. ఒకవేళ అమ్మాలనే నిర్ణయించుకున్నా ముందు బాగుచేయించడమే మేలు, ఎందుకంటే మీరు చెప్పిన ధరల ప్రకారం 38,000 పెడితే అమ్మకం ధర 80,000 పెరుగుతోంది. ఇక కొత్త కారు సంగతి: 7 లక్షల అప్పును 9.5 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 14,700 కట్టాలి, మొత్తం వడ్డీయే 1,82,000 దాకా అవుతుంది. మీ తమ్ముడు దండగ అంటున్న ఈ మరమ్మతు ఖర్చు మూడు వాయిదాల పాటి కూడా లేదు.

ఆలస్యం వద్దని ఎందుకంటున్నానో వివరిస్తాను. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా, పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు అడ్డం లేకుండా చూసేది ఈ గొలుసే. లింకుల్లోని పిన్నులు అరిగేకొద్దీ అది పొడవవుతుంది. దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ చాలా ఇంజిన్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది కనుక, రాత్రంతా ఆగిన బండిని ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఆ ఒత్తిడి అందేవరకు రెండు మూడు క్షణాలు గరగరమని వినిపిస్తుంది. నా కారుకు ఈ పని చేయించినప్పుడు మెకానిక్ పాత గొలుసును, కొత్త గొలుసును ఒకే మేకుకు పక్కపక్కన వేలాడదీసి చూపించాడు; పాతది అర లింకు మేర కిందికి దిగి ఉంది. కంటికి అది చిన్న తేడాయే, కానీ గొలుసు ఇంకా వదులై పళ్ల చక్రం మీద ఒకటి రెండు పళ్లు జారితే, మీది లాంటి డీజిల్ ఇంజిన్లో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి, అప్పుడు సిలిండర్ హెడ్ విప్పక తప్పదు. మెకానిక్ చెప్పిన లక్ష ఖర్చు అక్కడిదే. అరుగుదల వల్ల వచ్చే ఇలాంటి నష్టం మామూలు మోటారు బీమాలో రాదు, కాబట్టి ఆ లక్ష మీ చేతి నుంచే పోతుంది.

అయితే డబ్బు కట్టేముందు రోగం అదేనని తేల్చుకోండి. ఆయిల్ మట్టం తగ్గినా, టెన్షనర్ ఒక్కటే నీరసించినా దాదాపు ఇదే చప్పుడు వస్తుంది. వరంగల్ ఆటోనగర్‌లో మరో షెడ్డులో ఆయిల్ ఒత్తిడి చూపించండి, స్కానర్ పెట్టి క్రాంక్, క్యామ్ సెన్సార్ల మధ్య తేడా నమోదైందేమో అడగండి. 38,000 జీఎస్టీతో కలిపి చెప్పిందేనా అన్నది కూడా అడగాలి. కాకపోతే 18 శాతంతో అది 44,840 అవుతుంది, అంటే మీ పొదుపు ఖాతా దాదాపు ఖాళీ.

గొలుసు ఒక్కటే మార్చి, దాన్ని దారిలో పట్టి ఉంచే గైడ్లు, టెన్షనర్ పాతవే ఉంచితే కొన్ని వేలు మిగులుతాయని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఈ పనిలో కూలీ పెద్ద భాగం, ఎందుకంటే ఇంజిన్ ముందు కవరంతా విప్పాలి. ఏడాది తర్వాత గైడు విరిగితే ఆ కూలీ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసిందే. గొలుసు, టెన్షనర్, గైడ్లు, అరిగితే పళ్ల చక్రాలు, వాటితో పాటు ఆయిల్, ఫిల్టర్ ఒకేసారి మార్పించండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న విషయంలో అన్నిటికంటే ముందు చిట్టీ గురించి చెబుతాను, మన దగ్గర అవసరం రాగానే చెయ్యి మొదట అటే పోతుంది. 38,000 కోసం 5 లక్షల చిట్టీని వేలంలో పాడి లక్ష తగ్గింపుకు ఎత్తుకుంటే, అవసరానికి రెండున్నర రెట్లు నష్టపోయినట్టే. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను మధ్యలో విరగ్గొట్టవద్దు. దాని మీదే అప్పు తీసుకోండి. బ్యాంకులు సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ మాత్రమే వేస్తాయి. పొదుపు ఖాతాలోంచి 20,000 తీసి, మిగిలిన 18,000 ఇలా తెచ్చుకుని నాలుగు నెలల్లో సమానంగా తీర్చేస్తే వడ్డీ నాలుగు వందలు దాటదు. అదే మొత్తం క్రెడిట్ కార్డు మీద పేరుకుంటే నెలకు మూడున్నర శాతం చొప్పున పదిహేను వందలకు పైనే అవుతుంది. ఇలా చేస్తే ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వాడుకోవడానికి ఖాతాలో 25,000 నిలుస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు.

అప్పు తీరాక, అంటే అయిదో నెల నుంచి నెలకు 2,500 చొప్పున కారు పేరిట ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. టైర్లు, క్లచ్, బ్యాటరీ అన్నీ అందులోంచే రావాలి. ఆయిల్ మార్పును ఒక్కసారి కూడా వాయిదా వేయకండి, కొత్త గొలుసు ఆయుష్షు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇకపై ఒకే ఏడాదిలో మరమ్మతులు 70,000 దాటితే, అంటే కారు విలువలో దాదాపు మూడో వంతుకు చేరితే, అప్పుడు మీ తమ్ముడి మాట ఆలోచించవచ్చు.

పని పూర్తయ్యేదాకా బడికి బస్సులో వెళ్లండి. బండి అప్పగించేటప్పుడే పాత సామాను తిరిగి ఇవ్వాలని చెప్పండి, తీసుకునేటప్పుడు భాగాల పేర్లు, కిలోమీటర్లు రాసిన బిల్లు అడిగి తీసుకోండి. రేపు కారు అమ్మేటప్పుడు 2,20,000 అడగడానికి చూపించవలసిన కాగితం అదే.