యాప్ సంగతి తర్వాత, ముందు పాల లెక్క పిల్లాడి చేతికివ్వండి

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. చదవడం, లెక్కలు రెండూ వీకే. ఇంట్లో ఏ యాక్టివిటీస్ చేయించాలి? మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి.

మా అమ్మాయిది కూడా పోయినేడు ఇదే తరగతి, ఇదే గోల. అందుకే ఊరుకోలేక రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుద్ది, ఓపికుంటే చదవండి.

నేను తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లులో గుమస్తాని. పొద్దున లేస్తే బస్తాలు, తరుగు, హమాలీ కూలి, లారీ కిరాయి, రాత్రి తలుపులేసేదాకా అదే లెక్క. అలాంటోడి కూతురికి తీసివేత రాదని స్కూల్లో మేడమ్ పిలిచి చెప్తే ఎలా ఉంటదో ఆలోచించండి. అప్పటిదాకా నాకు తెలీనే తెలీదు, ఎందుకంటే నోట్‌బుక్ నిండా టిక్కులే, ప్రోగ్రెస్ కార్డులో A గ్రేడే. తర్వాత అర్థమైంది, బోర్డు మీద లెక్క నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోవడం మా అమ్మాయికి బాగా వచ్చు, లెక్క చెయ్యడం రాదు.

అందరిలాగే నేనూ మొదట చేసిన పని ఏంటంటే డబ్బులు పారెయ్యడం. ఒక యాప్‌కి ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టా. పేరు చెప్పను, అన్నీ అలాగే ఉన్నాయి. కరెక్ట్ ఆన్సర్ నొక్కితే స్టార్లు పడతాయి, తప్పు నొక్కితే బొమ్మ ఏడుస్తుంది. నాలుగు ఆప్షన్లు ఉంటాయి కదా, ఒకటి తప్పైతే ఇంకోటి, అదీ తప్పైతే ఇంకోటి. నెల తిరిగేసరికి మూడొందల స్టార్లు సంపాదించింది, తీసివేత మాత్రం ఎక్కడిదక్కడే.

ఇప్పుడు అసలు కథ.

మా ఇంట్లో పాల లెక్క మా అమ్మది. చదివింది ఐదో తరగతి. వంటింటి గోడకి తెలుగు క్యాలెండర్, దానికి దారంతో కట్టిన పెన్సిలు. రోజూ అరలీటరు గేదె పాలు వాడిక, పోయించుకోగానే ఆ తేదీ గడిలో ఒక గీత గీస్తుంది. లీటరు పోయించుకుంటే రెండు గీతలు. రాని రోజు సున్నా. ఇంతే ఆవిడ అకౌంట్స్ డిపార్ట్‌మెంటు.

అక్టోబర్లో అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. డాక్టరుగారు కొన్నాళ్ళు కంటికి శ్రమ ఇవ్వొద్దన్నారు. దాంతో గీతలు గీసే డ్యూటీ మనవరాలికి పడింది. ఎవరం ప్లాన్ చేసింది కాదు. యాక్టివిటీ అని పేరు కూడా పెట్టలేదు.

మా పిల్ల ఊరికే గీతలు గీస్తే ఏం బాగుంటుందని పక్కన మాటలు కూడా రాయడం మొదలెట్టింది. నవంబరు నెల, కార్తీకం, వనభోజనాలని చుట్టాలొచ్చారు, రెండు గీతలు గీసి పక్కన "చుటాలు వచారు" అని రాసింది. మా ఆవిడ చూసి వత్తులేవే అని కసరబోయింది. అమ్మ ఆపి, ఏదీ నాకు కనపడట్లేదు, ఉన్నదున్నట్టు చదివి వినిపించు అంది. పాప మామూలుగా "చుట్టాలు వచ్చారు" అని చదివేసింది. "అలా రాశావా? వేలు పెట్టి చదువు" అంది అమ్మ. వేలు పెట్టి చదివితే చు... టా... లు. పాపకే నవ్వొచ్చింది. "చుటాలు అంటే ఎవరే, చుట్టలు కాల్చేవాళ్ళా" అని అమ్మ ఇంకా ఉడికించింది. వత్తు ఎందుకుండాలో ఆ పూట తెలిసొచ్చింది దానికి. స్కూల్లో ద్విత్వాక్షరాలని నాలుగు పేజీలు రాయించారు, ఆ నాలుగు పేజీలూ తప్పుల్లేకుండానే రాసింది, అయినా ఎక్కలేదు.

నెలాఖరు అయింది. ఒకటో తారీకు పొద్దున పాలతను వచ్చి "పదమూడొందల ఇరవై అండి, ఆయ్" అన్నాడు. లీటరు ఎనభై, అరలీటరు నలభై. అమ్మ పిల్లని పిలిచి గీతలు లెక్కపెట్టమంది. ఇది క్యాలెండర్ ముందు స్టూలు వేసుకుని ఎక్కి ఒకటీ రెండూ అని మొదలెట్టింది, మధ్యలో పాలతను ఏదో అడిగేసరికి తప్పిపోయింది, మళ్ళీ మొదటికి. మూడోసారి అమ్మ "అలా కాదే, పది గీతలు కాగానే ఒక చింతపిక్క పక్కన పెట్టు" అంది. మూడు పిక్కలు పెట్టింది, ఒక గీత మిగిలింది. ముప్పై ఒకటి.

"పది అరలీటర్లు ఎంత?" అంది అమ్మ. పదిసార్లు నలభై అంటే నాలుగొందలు. మూడు పిక్కలకి పన్నెండొందలు, మిగిలిన ఒక్క గీతకి నలభై, మొత్తం పన్నెండొందల నలభై. మూడో తరగతి పిల్ల ముప్పై ఒకటిని నలభైతో గుణించింది, గుణకారం చేస్తున్నానని తెలీకుండానే.

పాలతను ఒప్పుకోలేదు. "నెలకి ముప్పై రోజులండి, మూడు రోజులు లీటరు పోశాను, ముప్పై మూడు" అన్నాడు. పాప క్యాలెండర్ మీద రెండు సున్నాలు చూపించింది. తుఫాను వానకి రెండు రోజులు రాలేదు కదా, ఆ రోజు గడుల్లో "వాన పాలు లేవు" అని రాసి కూడా పెట్టింది. అతను తల గోక్కుని, పాపగారు గట్టివారే అని నవ్వేశాడు. ఆ నవ్వుకి మా పిల్ల మొహం చూడాల్సింది, మూడొందల స్టార్లకి ఎప్పుడూ అలా వెలగలేదు.

అక్కడితో అయిపోలేదు. ఎంత ఎక్కువ చెప్పాడో చూడమన్నా నేను. కాగితం తెచ్చి 1320 కింద 1240 వేసి తీసేసింది. 120 వచ్చింది. ఎలా వచ్చిందో చూడండి. సున్నాలో సున్నా పోతే సున్నా, ఓకే. రెండులో నాలుగు పోదు, కాబట్టి నాలుగులో రెండు తీసేసింది! పైన కింద అని లేదు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యడమే. ఒకసారి మీ బాబు నోట్‌బుక్ తీసి తప్పులు చూడండి, ఇదే కనిపించొచ్చు. ఇది అజాగ్రత్త కాదు, వాళ్ళకంటూ ఒక రూలు పెట్టుకున్నారన్నమాట. తప్పు మీద ఇంటూ కొట్టి వదిలేస్తే ఆ రూలు అలాగే ఉండిపోద్ది.

నేను గుమస్తా బుద్ధి పోనిచ్చుకోక "పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలమ్మా" అని మొదలెట్టా. అది నా వైపు చూసి "మరి మళ్ళీ ఎప్పుడిస్తాం నాన్నా?" అంది.

నిజంగా నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళ నుంచి అప్పు తెచ్చుకుంటున్నా, ఒక్కసారీ తిరిగివ్వలేదు.

అమ్మ కాగితం అవతల పెట్టించింది. నోట్లు తెమ్మంది. పదమూడు వంద నోట్లు, రెండు పదులు వరసగా పరిచింది. "పాలాయనకి పన్నెండు వందలూ నాలుగు పదులూ ఇయ్యి" అంది. పాప నోట్లు ముట్టుకుని పదులు రెండే ఉన్నాయి నానమ్మా అంది. "అయితే కొట్టుకెళ్తే ఏం చేస్తావ్?" "చిల్లర మారుస్తా." ఒక వంద నా చేతికిచ్చి పది పదులు తీసుకుంది. ఇప్పుడు పన్నెండు వందలు, పన్నెండు పదులు. ఇవ్వాల్సింది ఇచ్చేస్తే ఎనిమిది పదులు మిగిలాయి. ఎనభై. రెండు రోజుల పాలు. సరిగ్గా సరిపోయింది.

ఇది చూశాక నాకు వచ్చిన అభిప్రాయం ఒకటే, ఎవరేమనుకున్నా పర్లేదు, తీసివేతలో అప్పు అనే మాట ఇంట్లో నిషేధించాలి. చిల్లర మార్చడం అనండి, పిల్లలకి గంటలో వస్తుంది. మా అమ్మైతే అదీ చెయ్యదు, కొట్టువాడిలా కూడుకుంటూ పోతుంది, 1240 మీద అరవై వేస్తే పదమూడొందలు, ఇంకో ఇరవై, మొత్తం ఎనభై. స్కూల్లో ఇలా చేస్తే స్టెప్స్ లేవని మార్కులు కోస్తారు. అదో కడుపుమంట.

ఇంకో సంగతి. మధ్యలో అమ్మ నలభై అంటే మా పిల్ల "నలభై అంటే ఫార్టీనా ఫోర్టీనా?" అని అడిగింది. ఇంగ్లీషు మీడియం పిల్లలున్న ఇళ్ళలో ఇది చాలా పెద్ద విషయం, ఎవరూ పట్టించుకోరు. ఫోర్టీన్, ఫార్టీ ఒకేలా వినపడతాయి. పైగా ఫోర్టీన్‌లో నాలుగు ముందు వినపడి పది తర్వాత వస్తుంది, అందుకే పిల్లలు 41 అని రాసేస్తారు. తెలుగులో పద్నాలుగుకీ నలభైకీ పోలికే లేదు. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కాస్త వంకర ఉన్నా, ఇరవై దాటాక ఎలా పలుకుతామో అలాగే రాస్తాం, ఇరవై ఒకటి, అరవై ఏడు. హిందీలో చూడండి, యాభై తొమ్మిదిని ఉన్‌సఠ్ అంటారు, మా మిల్లులో బీహార్ హమాలీలు బస్తాల లెక్క చెప్తుంటే నాకిప్పటికీ ఒక్క క్షణం ఆగితే గానీ వెలగదు. మనకి చేతిలో ఇంత సుళువైన లెక్క ఉంటే పిల్లలకి తెలుగు అంకెలు రావని గర్వంగా చెప్పుకునే తల్లిదండ్రుల్ని చూస్తే ఏమనాలో తెలీదు. స్కూల్లో ఇంగ్లీషులో చెప్పనీయండి, ఇంట్లో లెక్క మాత్రం తెలుగులో చెయ్యండి. ఎక్కాలు కూడా, రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు అని రాగం తీస్తే నోరు తిరిగినట్టు టూ టూజార్ ఫోర్ తిరగదు. మా పక్కింటి బాబు గవర్నమెంటు బడి, వాడి లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగు. ఆ పుస్తకం అడిగి తెచ్చుకుని మా పిల్లకి వాడా. వేలకు వేలు ఫీజు కట్టి కొన్న మా పుస్తకాల కంటే నయం.

ఇది మీ ఒక్కరి బాధా నా ఒక్కడి బాధా కాదు లెండి. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే సంస్థ, పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడ్డానికి 2005 నుంచి ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి చేయించే అసర్ సర్వే ఉంది కదా, 2024లో దేశం మొత్తం మీద పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది నూటికి 27 మంది. తీసివేత, అదే ఈ చిల్లర మార్చే రకం, చెయ్యగలిగింది సుమారు 34 మంది. అందుకని మీ బాబుని వీక్ వీక్ అనకండి, వాడి ముందర అసలు అనకండి.

చదవడం గురించి కూడా అడిగారు కదా. అమ్మకి కన్ను మానేదాకా పేపర్లో ఊళ్ళ వార్తలు మా పిల్లే చదివి పెట్టింది. తప్పు చదివితే అమ్మకి వార్త అర్థం కాదు, అర్థం కాకపోతే మళ్ళీ చదవమంటుంది, అంతే. "కళ్ళ పరీక్షలు" అన్నదాన్ని "కల్లు పరీక్షలు" అని చదివిన రోజు ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకున్నాం. చదివితే నిజంగా అవసరమున్న మనిషి ఎదురుగా కూర్చోవాలండి. మనం టెస్టు పెట్టడానికి చదివిస్తున్నామని పిల్లలకి ఇట్టే తెలిసిపోద్ది. ఇంట్లో పెద్దవాళ్ళు లేకపోతే మీరే కూర చేస్తూ చెయ్యి ఖాళీ లేదు, ఆ ప్యాకెట్ మీద ఏముందో చదువు అనండి. కథలు కావాలంటే స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ళ సైటు ఉంది, తెలుగు కథలు ఉచితం, ఒకటి నుంచి నాలుగు లెవెల్స్, బొమ్మలతో. రెండో లెవెల్ నుంచి మొదలెట్టండి, మూడో తరగతి కదా అని మూడు తియ్యకండి.

ఆటలంటే అష్టా చెమ్మా, వైకుంఠపాళి, వామనగుంటలు. వామనగుంటలకి చెక్క లేకపోతే గుడ్ల అట్ట చాలు, పద్నాలుగు గుంటలు మిగిల్చి మిగతావి కత్తిరించెయ్యండి, చింతపిక్కలు ఎలాగూ ఉంటాయి. పాముల ఆటలో మాత్రం గడులు ఒక్కొక్కటీ లెక్కపెట్టనివ్వకండి, నలభై ఏడు మీద ఆరు పడితే ఎక్కడికెళ్తావో ముందు చెప్పి తర్వాత జరపమనండి. మొదట్లో గొడవ చేస్తారు.

ఇవన్నీ చెయ్యడానికి టైమెక్కడిదంటే, స్కూలు వాళ్ళు తినేస్తున్నారు. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో మెసేజ్, రేపు సోలార్ సిస్టమ్ మోడల్ తేవాలట. గూడెంలో ఆ టైముకి థర్మోకోల్ షీటు ఎక్కడ దొరుకుద్ది, నేను బండేసుకుని నాలుగు షాపులు తిరగడం, మా ఆవిడ పన్నెండింటిదాకా గుండ్రంగా కత్తిరించడం, పిల్ల హాయిగా నిద్రపోవడం. మార్కులు దానికి, యాక్టివిటీ మాకు. పైగా ఒకటి నుంచి వంద దాకా ఐదుసార్లు రాయమని ఇంపోజిషన్. మూడో తరగతి పిల్లకి అది లెక్కా, కూలి పనా?

మా అమ్మాయి ఇప్పుడు లెక్కల్లో ఫస్టేమీ కాదు. భాగహారం దగ్గర మళ్ళీ ఆగింది. చీటీ డబ్బులు పంచే పని అప్పజెప్పి చూద్దామని అమ్మ అంటోంది, మా ఆవిడ వద్దంటోంది. పాలతను మాత్రం ఒకటో తారీకున బిల్లు నాకు చెప్పడం మానేశాడు, గేటు దగ్గర నుంచే "పాపగారున్నారా అండి" అంటాడు.

ఆఁ, యాప్ అడిగారు కదా. మేం కొన్నదానికి ఇంకా నాలుగు నెలల వేలిడిటీ ఉంది, మా ఇంట్లో ఎవరూ ఓపెన్ చెయ్యట్లేదు. కావాలంటే మెసేజ్ పెట్టండి, లాగిన్ ఇచ్చేస్తా. స్టార్లు కూడా అలాగే ఉన్నాయి.