గుసాబాలో ఆటపాటల పని ఒప్పుకున్న మేనకోడలికి

చిరంజీవి బంగారుతల్లికి, దీవెనలు.

రువాండా రాజధాని కిగాలీలో నీ స్నేహితురాలి పెళ్లికి, ముందు జరిగే గుసాబా వేడుకలో ఆటపాటల ఏర్పాటు నువ్వే చూస్తానన్నావని తెలిసి సంతోషమైంది. ముందు తేదీ చూసుకో తల్లీ. ఏప్రిల్ 7 నుంచి వారం రోజులు 1994 మారణహోమంలో పోయినవాళ్ల సంస్మరణ. ఆ రోజుల్లో వేడుకలు చేయరు. నెలలో చివరి శనివారం ఉదయం 8 నుంచి 11 దాకా ఉముగాండా, అంటే దేశమంతా శ్రమదానం. అది పూర్తయ్యాకే డోలువాళ్ల బండి కదులుతుంది. మార్చి నుంచి మే దాకా వానలు, బయట పందిరిని నమ్ముకోకు.

గుసాబా అంటే పిల్లనడగడం, గుక్వా అంటే ఆవులిచ్చి ఖాయం చేసుకోవడం. రెండు వైపులా చెరొక పెద్దమనిషి మాట్లాడతారు. అమ్మాయి తరఫాయన కావాలనే మెలికలు పెడతాడు, అవతలాయన చమత్కారంగా విప్పుతాడు. సభకు ప్రాణం ఆ మాటలే, వాటి మధ్య డోలు మోగకూడదు. ఆవులను పొగుడుతూ పద్యం ఎత్తుకున్నప్పుడూ అంతే. ఒప్పందం కుదిరాకే పెళ్లికూతురు బయటికొస్తుంది. పాడేవాళ్లకు సైగ చెయ్యడానికి గుమ్మం దగ్గర ఒక మనిషిని నిలబెట్టు. లేకపోతే ఆమె సగం దూరం నడిచొచ్చాక పాట మొదలవుతుంది.

వాళ్ల డోలు పేరు ఇంగోమా. చెట్టు మొద్దు తొలిచి, ఆవు తోలు కప్పి తాళ్లతో బిగిస్తారు. తిప్పి సరిచేయడానికి మరలుండవు. చెమ్మ తగిలితే తోలు వదులై మొద్దుగా పలుకుతుంది కాబట్టి తడి గడ్డి మీద దించనివ్వకు. నడక చెప్పేది చిన్న డోలు, ఇషాక్వే. దాన్ని వాయించే మనిషి మిగతావాళ్లందరికీ కనపడాలి. ఇంగోమాలకు మైకు అక్కర్లేదు. తొట్టిలాంటి చెక్క మీద తీగలు కట్టిన ఇనాంగాకు మాత్రం తప్పదు, దాని నాదం సన్నన.

మగవాళ్ల ఇంటోరే నాట్యం 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. వాళ్లు ఉత్త కాళ్లతో ఎగిరి దూకుతారు. పాదం పడగానే కాలికి కట్టిన అమయూగి మువ్వలు ఒక్కసారిగా ఘల్లుమనాలి. కార్పెట్ పరిస్తే అడుగు చప్పుడు చచ్చిపోతుంది, పైగా ముడత పడితే కాలు తట్టుకుంటుంది. గట్టి నేల చూడు. తలమీది పొడవాటి జూలు విసురుతూ ఆడతారు, చేతిలో బల్లెం, డాలు ఉంటాయి. ముందు వరుస కుర్చీలు కనీసం నాలుగు మీటర్లు వెనక్కి జరిపించు. ఫొటోలవాళ్లను మధ్యలోకి పోనివ్వకు, ఇందులో మొహమాటం వద్దు.

ఆడవాళ్ల వరుసలో నిన్నూ నిలబెడతారు. చేతులు పైకెత్తి ఇన్యాంబో అనే పొడవు కొమ్ముల ఆవు కొమ్ముల్లా వంపు తిప్పాలి. మోచెయ్యి కోణంలా విరిస్తే కొమ్ము కనపడదు, భుజాలు చెవుల దాకా లేస్తే అందం పోతుంది. అడుగులు చిన్నవి. ఐదు లెక్క పాటలు చాలా వస్తాయి, ఖండచాపు తెలిసినదానివి, తక తకిట అనుకుంటూ నడువు. మన సినిమా పాటలకు ఊపినట్టు నడుము ఊపకు. వేడుకలకు అక్కడి ఆడవాళ్లు కట్టుకునే ముషనానా కొంగు ఒక భుజం మీదుగా వస్తుంది, చెయ్యెత్తగానే జారుతుంది. చెయ్యి పైకెత్తి ఉంచి భుజం మీద పిన్ను పెట్టించుకో. దించి పెడితే ఎత్తినప్పుడు గుడ్డ పీక్కుపోతుంది.

కానుకలు ప్లాస్టిక్ సంచుల్లో తీసుకెళ్లకు, అక్కడ 2008 నుంచి వాటికి నిషేధం. బృందం వాళ్ల భోజనం ఎవరు పెడతారో, తిరుగు ప్రయాణం బండి ఎవరిదో ముందే రాయించుకో.

నీ మేనత్త