మలపరీక్షలో మిరప వైరస్ కనిపించింది, ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. ఏడాదిగా కడుపు ఉబ్బరం, అప్పుడప్పుడు పలుచని విరేచనాలతో బాధపడుతున్నాను. డాక్టర్‌ను కలవకుండా నేనే ఒక ల్యాబ్‌లో మలంలోని సూక్ష్మజీవుల జన్యు పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టులో ‘పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్: అధికం’ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. ఇది మొక్కలకు వచ్చే వైరస్ అట. నా బాధకు ఇదే కారణమా? మందులు వాడాలా, కూరగాయలు మానేయాలా? కుండీల్లో మిరప మొక్కలు పెంచుతున్నాను. వాటి నుంచి సోకిందేమో అని భయంగా ఉంది.

జవాబు: ఆ వైరస్ మీకు సోకలేదు. మీరు తిన్న ఆహారంతో పాటు లోపలికి వెళ్లి, జీర్ణం కాకుండా బయటికి వచ్చింది, అంతే. మిరపకాయలో, కారమో, క్యాప్సికమో తినేవారి మలాన్ని ఇంత సూక్ష్మంగా పరీక్షిస్తే ఇది కనిపించడంలో వింతేమీ లేదు. ఆహారం వెంట వచ్చినదాన్ని రోగకారక క్రిముల పట్టికలో చేర్చి, ఎర్ర రంగు పులమడం ఆ రిపోర్టు తయారుచేసినవారి పొరపాటని నా అభిప్రాయం.

2006లో అమెరికాలోని శాన్‌డియాగోలో ఆరోగ్యవంతుల మలంలోని ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను పరిశీలించినప్పుడు, గుర్తించగలిగిన వాటిలో అత్యధిక భాగం మొక్కల వైరస్‌లేనని, వాటిలోనూ మీ రిపోర్టులో ఉన్నదే అన్నిటికన్నా ఎక్కువగా ఉందని తేలింది. ఎండబెట్టిన ఒక్క గ్రాము మలంలో 100 కోట్ల వరకు వైరస్ కణాలు లెక్కకు వచ్చాయి. సింగపూర్‌లో సేకరించిన నమూనాల్లోనూ ఈ వైరస్ కనిపించింది. ఇది మనుషుల మలంలో ఎంత సాధారణమంటే, నీటిలో మురుగు కలిసిందా లేదా అని తెలుసుకోవడానికి దీన్నే గుర్తుగా వాడుతున్నారు. మురుగునీటిలో కరోనా వైరస్ మోతాదును అంచనా వేసిన చోట్ల కూడా పోల్చి చూడటానికి చాలామంది ఎంచుకున్నది దీన్నే.

మన జీర్ణరసాలు దీన్ని ఎందుకు నాశనం చేయలేకపోతున్నాయన్న సందేహం సహజం. పొగాకు మొజాయిక్ వైరస్ కుటుంబానికి చెందిన ఈ వైరస్ సుమారు 300 నానోమీటర్ల పొడవున్న కడ్డీలా ఉంటుంది. దాని ఆర్‌ఎన్‌ఏ చుట్టూ వేల కొద్దీ ప్రోటీన్ అణువులు మెలికలు తిరిగి గట్టి కవచంలా పేర్చుకుని ఉంటాయి. జీర్ణాశయంలోని ఆమ్లం గానీ, పేగుల్లోని ఎంజైమ్‌లు గానీ ఈ కవచాన్ని తేలిగ్గా ఛేదించలేవు. ఎండబెట్టి దంచిన కారంలోనూ, సీసాలో నిల్వ ఉంచిన సాస్‌లోనూ ఇది బయటపడుతున్నది అందుకే.

తట్టుకుని నిలవడం వేరు, మన కణాల్లో చేరి వృద్ధి చెందడం వేరు. మనిషికి జబ్బు చేసే వైరస్ ముందుగా కణం ఉపరితలంపై తనకు సరిపోయే గ్రాహకాన్ని పట్టుకుని లోపలికి ప్రవేశిస్తుంది. మొక్కల కణాలకు దళసరి కణకవచం ఉంటుంది కనుక, వాటి వైరస్‌లు ఆకు నలిగినప్పుడో, పురుగు కుట్టినప్పుడో ఏర్పడిన గాయం గుండా దూరి, కణాల మధ్య ఉండే సన్నని దారుల్లో ఒకదాని నుంచి మరొకదానికి పాకుతాయి. మనిషి పేగు కణంలోకి వెళ్లి సంతతిని పెంచుకునే సాధనాలు వాటికి ఉన్నట్టు ఆధారాలు లేవు.

దీనికి భిన్నమైన వాదన ఒకటి లేకపోలేదు. 2010లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ పరిశోధకులు పరీక్షించిన పెద్దలలో సుమారు 7 శాతం మంది మలంలో ఈ వైరస్ ఉందని, అలాంటివారిలో జ్వరం, కడుపునొప్పి, దురద ఎక్కువగా కనిపించాయని, రక్తంలో దానికి ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కూడా ఉన్నాయని ప్రచురించారు. అయితే కారం ఎక్కువగా తినేవారి మలంలో ఈ వైరస్ ఎక్కువగా ఉంటుంది, కడుపులో మంటా వారికే ఎక్కువ. కాబట్టి నొప్పికి కారణం వైరసా, కారమా అన్నది ఆ పరిశోధన తేల్చలేదు. ప్రతిరక్షకాలంటారా, పరాయి ప్రోటీన్ ఏది ఎదురైనా శరీరం వాటిని తయారుచేయగలదు.

కాబట్టి ఈ వైరస్ కోసం ఏ మందూ అవసరం లేదు. యాంటీబయాటిక్స్ అసలే వద్దు. అవి వైరస్‌ల మీద పనిచేయకపోగా, విరేచనాలను పెంచే ప్రమాదం ఉంది. కూరగాయలు మానవద్దు. కారం తిన్న రోజుల్లో బాధ పెరుగుతున్నదేమో మాత్రం గమనించి, అలా అయితే తగ్గించండి.

నాకు ఆందోళన కలిగిస్తున్నది ఏడాదిగా ఉన్న మీ లక్షణాలు. పాలు పడకపోవడం, గోధుమలోని గ్లూటెన్‌తో వచ్చే సీలియాక్ వ్యాధి, జియార్డియా అనే పరాన్నజీవి, థైరాయిడ్ అతిచురుకుదనం, పేగుల పనితీరు గాడి తప్పే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) వంటివన్నీ ఇలాగే మొదలవుతాయి. వీటిని నిర్ధారించే పరీక్షలు మీరు చేయించుకున్న దానికన్నా చవకైనవి, నమ్మదగినవి కూడా. గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ చరిత్ర ఉంటే అసలు జాప్యం చేయవద్దు.

ఇక మీ మిరప మొక్కల సంగతి. వాటి వల్ల మీకు ప్రమాదం లేదు గానీ, మీ వల్ల వాటికి ఉండవచ్చు. మలంలో బయటికి వచ్చిన ఈ వైరస్‌కు మొక్కలకు తెగులు సోకించే శక్తి ఉన్నట్టు అదే 2006 పరిశోధనలో రుజువైంది. చేతుల ద్వారా, కత్తెరల ద్వారా ఇది సులువుగా పాకుతుంది. మొక్కలను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.