2018 తెలుగు సినిమాల్లో నా అయిదు: మా నాన్న 'ఏమన్నాడ్రా' లెక్కన

2018లో వచ్చిన తెలుగు సినిమాల్లో అయిదింటిని ఎంచి వరసలో పెట్టమని, ఎందుకో కూడా చెప్పమని అడిగారు. ముందే వరస చెప్పేస్తాను, తిట్టాలనుకున్నవాళ్ళు ఇక్కడే తిట్టేసి వెళ్ళిపోవచ్చు. ఒకటి కేరాఫ్ కంచరపాలెం. రెండు రంగస్థలం. మూడు సమ్మోహనం. నాలుగు మహానటి. అయిదు చి.ల.సౌ.

మహానటి నాలుగా అని పళ్ళు కొరుకుతున్నారని తెలుసు. గూఢచారి ఏది, ఈ నగరానికి ఏమైంది ఏది అని కూడా అడుగుతారు. వస్తున్నా.

ఆ ఏడాది నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానన్న పేరు పెట్టుకుని తణుకులో ఇంటిపట్టున ఉన్నాను. నాన్న అప్పటికే పని మానేశాడు. రైస్ మిల్లులో 31 ఏళ్ళు చేశాడు. ఆ మోతకి కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి సగం మిగిలింది. చెవి మిషన్ కొన్నాం, అది బీరువాలో బట్టల మధ్య ఉంటుంది. హాల్లో పెట్టుకుంటే మాటలతో పాటు పక్కవాడి చిప్స్ ప్యాకెట్టు, వెనకవాడి దగ్గు, రీరికార్డింగు అన్నీ కలిసి బుర్రలో దూరతాయట. "దానికంటే చెవుడే నయం" అంటాడు. అలాగని సినిమా మానే మనిషి కాదు. ఇద్దరం కలిసి ఆ ఏడాది పాతిక పైనే చూసి ఉంటాం.

పద్ధతి ఏంటంటే, నేను ఎప్పుడూ ఆయన ఎడమ పక్కనే కూర్చోవాలి. ఆయన తెర మీద పెదాలు చూస్తూ ఉంటాడు. అర్థం కానప్పుడు మోచేత్తో ఒక పోటు పొడిచి "ఏమన్నాడ్రా?" అంటాడు. నేను చెవి దగ్గరకి వంగి చెబుతాను. మొదట్లో ఎన్ని తక్కువసార్లు అడిగితే అంత మంచి సినిమా అనుకునేవాణ్ణి. బొమ్మతోనే కథ చెప్పాలని పెద్ద పెద్ద దర్శకులు అంటారుగా, అలా. ఆ సిద్ధాంతం సంక్రాంతికే బొక్కబోర్లా పడింది. ఒక పెద్ద హీరో సినిమాకి వెళ్ళాం. మూడు గంటల్లో ఒక్కసారి కూడా అడగలేదు. ఇదేదో గొప్ప సినిమా అనుకుని పక్కకి తిరిగి చూస్తే, తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ రోజు నుంచి లెక్క తిరగేశాను. ఎన్నిసార్లు అడిగితే అంత మంచి సినిమా. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకపోయినా ఫర్వాలేదు అనిపించే సినిమా గురించి ఎవరడుగుతారు? విమర్శకులు స్టార్లు లెక్కపెడతారు, అభిమానులు కోట్లు లెక్కపెడతారు, నేను పక్కటెముకల మీద పోట్లు లెక్కపెట్టాను. నా పద్ధతే శాస్త్రీయం.

మార్చి మొదట్లో, థియేటర్లకి సినిమాని డిజిటల్‌గా అందించే ప్రొవైడర్ల చార్జీల గొడవతో థియేటర్లు మూసేశారు, గుర్తుందా? ఆ వారం రోజులూ నాన్న ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నెలాఖరుకి, 30న రంగస్థలం వచ్చింది. హీరోకి సరిగ్గా వినపడదని నాకు ముందే తెలుసు, నాన్నకి చెప్పలేదు. చెబితే రానంటాడేమోనని భయం.

మొదటి అరగంట నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. హీరో చిట్టిబాబుని ఒకటి అడిగితే ఇంకొకటి అర్థం చేసుకుంటుంటే హాలంతా విరగబడి నవ్వుతోంది. నాన్న నవ్వట్లేదు. మోచెయ్యి కూడా కదలట్లేదు. ఎవరో ఏదో అన్నప్పుడు చిట్టిబాబు వాళ్ళ ముఖాల వంక చూసి, ఏం అనుంటారో లెక్కగట్టుకుని తల ఊపుతాడు చూడండి, ఆ తల ఊపడం మా ఇంట్లో నేను రోజూ చూసేదే. పెళ్ళిళ్ళలో నాన్న అచ్చం అలాగే ఊపుతాడు. హీరో పక్కన మహేష్ పాత్ర ఒకటుంటుంది, ఎవరేమన్నదీ గట్టిగా చెప్పి పెడుతూ. అది నేనే. దర్శకుడు సుకుమార్‌కి మా ఇంటి సంగతి ఎవరు చెప్పారా అనుకున్నాను.

ఇంతలో పొలానికి నీళ్ళు పెట్టే ఇంజన్ తెర మీదకి వచ్చింది. నాన్న ఒక్కసారిగా ముందుకి వంగాడు. వినపడనివాళ్ళు మెల్లిగా మాట్లాడుతున్నాం అనుకుంటూనే అరుస్తారు కదా. "ఆయిలింజన్రా!" అన్నాడు. బాల్కనీ చివరి వరసకి కూడా వినపడి ఉంటుంది. నలుగురు వెనక్కి తిరిగారు. ఆయనకేం పట్టలేదు. హ్యాండిల్ ఎలా తిప్పాలో, ఏ క్షణంలో చెయ్యి లాగేసుకోవాలో, లేకపోతే అది ఎదురు తిరిగి మణికట్టు ఎలా విరగ్గొడుతుందో, చెయ్యి గాల్లో తిప్పుతూ నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఇక అక్కడి నుంచి పోట్లే పోట్లు. ప్రెసిడెంటు ఏమన్నాడు, రంగమ్మత్త ఏమంది, ఆ పిల్ల ఏమని తిట్టింది. బయటికొచ్చాక స్కూటర్ ఎక్కుతూ నేనే ధైర్యం చేసి మిషన్ సంగతి ఎత్తాను. "మిషన్ లేకపోతే వాడు ఇంజన్ నడపలేదా?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. తరవాత ఆ సినిమాకి శబ్ద మిశ్రమానికి జాతీయ అవార్డు వచ్చింది, ఎం.ఆర్. రాజకృష్ణన్‌కి. చెవిటి హీరో ఉన్న సినిమాకి సౌండు అవార్డు రావడం నాన్నకి భలే నచ్చింది, ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతాడు.

సమ్మోహనం మూడో స్థానంలో ఉండటానికి కారణం పెదాలు. మన సినిమాల్లో బయటి నుంచి వచ్చిన హీరోయిన్ల పెదాలు ఒకటి చెబుతుంటే డబ్బింగ్ గొంతు ఇంకొకటి చెబుతుంటుంది. వినపడేవాళ్ళకి అది పట్టదు. నాన్నలాంటి వాళ్ళకి మాత్రం అక్కడ కరెంటు పోయినట్టే. "ఈ అమ్మాయి ఏ భాషరా?" అని ఎన్ని సినిమాల్లో అడిగాడో. ఇంద్రగంటి మోహనకృష్ణ ఆ కష్టాన్నే కథలోకి తెచ్చుకున్నాడు. తెలుగు రాని హీరోయిన్, ఆమెకి డైలాగులు నేర్పే బొమ్మలేసే కుర్రాడు. పైగా అదితి రావు హైదరీ తన డబ్బింగ్ తనే చెప్పుకుంది. పాత్ర తెలుగు నేర్చుకుంటున్న కొద్దీ నాన్నకి ఆమె అర్థమవుతూ వచ్చింది, నిజంగా. మొదట్లో పోట్లు ఎక్కువ, పోనుపోను తక్కువ. పద్ధతి ప్రకారం ఇది మార్కులు తగ్గాల్సిన సంగతే కానీ, న్యాయమూర్తిని నేనే కాబట్టి కలిపాను.

ఇక మహానటి. కీర్తి సురేష్ అద్భుతం, నాగ్ అశ్విన్ అంత చిన్న వయసులో అంత పెద్ద పని నెత్తిన వేసుకోవడం అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ నాన్నకి సావిత్రి సినిమాలు కంఠతా. 1957 నాటి మాయాబజార్ సీన్లు మళ్ళీ తీసినచోట, హాలు నవ్వక ముందే ఆయన నవ్వుతున్నాడు. అహ నా పెళ్ళియంట దగ్గరయితే మోచెయ్యి కాదు కదా, ఊపిరి కూడా కదల్లేదు. అది ఈ సినిమా గొప్పా, ఆ సినిమా గొప్పా? నేను తేల్చలేను. సమంత, విజయ్ దేవరకొండల జర్నలిస్టు కథ వచ్చినప్పుడల్లా మాత్రం "వీళ్ళెవర్రా మధ్యలో" అని ఒకటే గొడవ. ఆ పోట్లని నేను లెక్కలోంచి తీసేశాను. కీర్తికి ఉత్తమ నటి జాతీయ అవార్డు ప్రకటించిన రోజు నాన్న పేపర్లోంచి తలెత్తి "సావిత్రికి ఇప్పటికి ఇచ్చారన్నమాట" అన్నాడు.

చి.ల.సౌ, గూఢచారి ఒకే శుక్రవారం వచ్చాయి, ఆగస్టు 3న. గూఢచారి బ్రహ్మాండంగా ఉంది, ఇద్దరికీ నచ్చింది. కానీ పరిగెడుతున్నవాడు ఏం మాట్లాడతాడు? మొత్తం మీద మూడు పోట్లు. చి.ల.సౌలో దాదాపు ఒక రాత్రంతా పెళ్ళిచూపుల్లో కూర్చున్న ఇద్దరు మాట్లాడుకోవడమే. నా ఎడమ పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళు నాకంటే ముందు విసుక్కున్నారు. నాన్న మాత్రం ఆ అమ్మాయి చెప్పే ప్రతి మాటా అడిగి చెప్పించుకున్నాడు. లెక్క లెక్కే. ఈ నగరానికి ఏమైంది నా ఒక్కడి వరసయితే రెండులో ఉండేది. నలుగురు స్నేహితులు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుతుంటారు, ఏ పెదాలని చూడాలి? ఇరవై నిమిషాలకి చేతులెత్తేశాడు. నేను పగలబడి నవ్వుతుంటే ఆయన నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. అది గుర్తొస్తే ఆ సినిమాని ఈ జాబితాలో రాయబుద్ధి కాదు.

కేరాఫ్ కంచరపాలెంకి సెప్టెంబర్‌లో మార్నింగ్ షోకి వెళ్ళాం. హాల్లో పాతికమంది కూడా లేరు. విశాఖపట్నంలో ఆ పేటకి చెందిన మామూలు మనుషుల్నే వెంకటేష్ మహా నటింపజేశాడని చదివి వెళ్ళాను. నాకు ఎప్పుడూ రాని కష్టం ఒకటొచ్చింది: ఆ యాసలో కొన్ని మాటలు నాకే అందట్లేదు. ఇక చెవిలో ఏం చెప్పను? నాన్నకేమో ప్రతి మాటా కావాలి. పెళ్ళికాని నలభై తొమ్మిదేళ్ళ అటెండరు రాజు తన ఆఫీసరమ్మతో ఏమన్నాడో, ఆవిడ దానికి ఏమందో. పొడుస్తూనే ఉన్నాడు. విచిత్రం ఏంటంటే, ముసుగులో కళ్ళు మాత్రమే కనపడే సలీమా వచ్చే సీన్లలో, చదవడానికి పెదాలే లేనిచోట, ఒక్కసారీ అడగలేదు.

ముందు వరసలో ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి "సినిమా సూడ్డానికొచ్చారేటండి, కథ సెప్పుకోడానికొచ్చారేటండి?" అన్నాడు. పెద్దాయనకి వినపడదని సైగ చేశాను. మాట్లాడకుండా తిరిగిపోయాడు. ఇంటర్వెల్ అయ్యాక అక్క ఫోన్ చేసింది, సీట్లో కర్చీఫ్ వేసి బయటికెళ్ళాను. దాని ఫోను ఎప్పుడూ పది నిమిషాలకి తక్కువ ఉండదు. తిరిగొచ్చి చూస్తే ఆ ముందు వరస ఆయన నాన్న పక్కన కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, చెవిలో సినిమా చెబుతున్నాడు. నా సీట్లో కర్చీఫ్ ఉంది కాబట్టి అవతలి పక్కన కూర్చున్నాడు. అంటే కుడి చెవిలో. దాంట్లో బాంబు పేలినా నాన్నకి తెలియదు. నాన్న మర్యాదగా, పెళ్ళిళ్ళలో ఊపినట్టే, తల ఊపుతున్నాడు. ఆయనది శ్రీకాకుళం వైపట, ఇక్కడ ఏదో పనిమీద ఉంటున్నాడట. నేను కూర్చున్నాక కూడా లేచి వెళ్ళలేదు. నాకు అందని మాటలు ఆయన నాకు చెప్పడం, నేను నాన్నకి చెప్పడం. ముగ్గురం కలిసి చూశాం. మొత్తం పోట్లు యాభైకి తగ్గవు, నా లెక్క తప్పయితే అరవై.

ఇంత రాశాక అసలు కడుపులో ఉన్నది చెప్పకపోతే ఎలా? తెలుగు సినిమాకి తెరమీద తెలుగు అక్షరాలు వేస్తే ఏం పోతుంది? తెలుగువాళ్ళకి తెలుగు అక్షరాలెందుకు అని నవ్వుతారు. వినపడనివాళ్ళు తెలుగువాళ్ళు కారా? 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ వినికిడి, చూపు లోపాలున్నవాళ్ళ కోసం థియేటర్లలో ఏర్పాట్లు ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మా ఊళ్ళో నేను వెళ్ళిన ఏ ఆటలోనూ ఆ ఆనవాలు లేదు. ఫోన్లో చూద్దామంటే, తెలుగు సినిమా కింద ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు. నాన్న తెలుగు పేపరు మొదటి అక్షరం నుంచి టెండర్ నోటీసుల దాకా చదువుతాడు, ఇంగ్లీషు రాదు. ఎవరి కోసం వేస్తున్నట్టు?

ఆ రోజు ఇంటికొస్తూ నాన్న అడిగాడు, నేను ఫోన్లో ఉన్న పది నిమిషాల్లో ఏం జరిగిందని. నాకెలా తెలుస్తుంది? అడిగింది నాన్న కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి. రాజు ఆఫీసులో చీటీ పాట పాడాడని, డబ్బు చేతికొస్తే ఆఫీసరమ్మ కూతురికి గడియారం కొన్నాడని, అది ఆగిపోతే మళ్ళీ షాపుకెళ్ళి గొడవపడ్డాడని అప్పటికప్పుడు అల్లేశాను. సినిమాలో అలాంటిది లేదు. తరవాత నేను ఒక్కణ్ణే ఫోన్లో చూసి తెలుసుకున్నాను, ఆయనకి చెప్పలేదు. ఇప్పటికీ ఇంటికి ఎవరైనా వస్తే నాన్న కంచరపాలెం కథ మొదటి నుంచి చివరిదాకా చెబుతాడు. గడియారం సీను దగ్గర గొంతు పెంచుతాడు. సినిమా చూసినవాళ్ళు నా వంక చూస్తారు, నేను తల ఊపుతాను.