పాత పటాల్లో కోట్లూ నగలూ నిజంగా వాళ్ళవేనా? బరంపురం స్టూడియో ఇంటి మనవరాలిగా నా జవాబు

రాయగడలో మీ ఇంట్లో ఉన్న ముత్తాతగారి పటంలో వెల్వెట్ కోటు, జరీ తలపాగా, కత్తి ఉన్నాయి, ఆయన నిజంగా అలాగే ఉండేవారా, మాది జమీందారీ కుటుంబమా అని అడిగారు కదండీ.

మాది బరంపురం, మా తాతగారికి ఫోటో స్టూడియో ఉండేది, కలర్ ఫిల్మ్ రాకముందు బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ల మీద చేత్తో రంగులు వేసేవారు. ఆ ఇంట్లో పెరిగిన దాన్ని కాబట్టి చెప్తున్నా, పటంలో బట్ట చూసి ఆ మనిషి ఎలా బతికాడో చెప్పలేం, ఎలా కనబడాలనుకున్నాడో మాత్రం తెలుస్తుంది.

స్టూడియోలో మేకుకి ఒక నల్ల కోటు వేలాడుతుండేది, ముందే చుట్టి కుట్టేసిన తలపాగా ఒకటి, టోపీలా పెట్టేసుకోవడమే. వెనకాల స్తంభాలు, మెట్లు, తోట వేసిన తెర. 1951లో ఒడిశాలో జమీందారీలు తీసేసే ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక కూడా చుట్టుపక్కల పాత జమీల వాళ్ళు వచ్చి ఆ తెర ముందు కూర్చునేవారట, మర్నాడు బట్టల కొట్టు గుమస్తా వచ్చి అదే కుర్చీలో అదే కోటుతో కూర్చునేవాడు.

రంగు వేయడం అంటే పుల్లకి దూది చుట్టి, ట్యూబులో రంగు కాస్త తీసి మ్యాట్ పేపర్ మీద పల్చగా రుద్దడం, చీర అంచులూ నగలూ మాత్రం సన్న బ్రష్షుతో. "బాబూ, మెడలో ఒక చంద్రహారం వెయ్యవా" అని ఆడవాళ్ళు అడిగితే తాతగారు కాదనేవారు కాదు. మా మామ్మ పటానికీ వేశారు, మూడు పేటలు. ఇద్దరూ పోయాక ఆ హారం ఏదని మా పెద్దత్త అడిగింది, మా అమ్మే దాచేసిందనుకుని రెండేళ్ళు మా గుమ్మం తొక్కలేదు, అమ్మ ఎంత ఏడ్చిందో నాకింకా గుర్తు. చివరికి అటక మీద పెట్టెలో ఆ ఫోటో నెగెటివ్ దొరికింది, వెలుతురుకి పెట్టి చూస్తే మెడలో నల్లపూసలు, నానుతాడు, అంతే. అప్పుడు పటం మళ్ళీ చూశాం. హారం కింద నీడే లేదు, పైట మడత పడిన చోట కూడా వంగకుండా తిన్నగా దిగిపోయింది. నిజం నగైతే బరువుకి బట్టని నొక్కుతుంది కదా.

ఇది మన ఊళ్ళ సంగతే కాదు. 18వ శతాబ్దం ఇంగ్లండులో రేనాల్డ్స్ లాంటి పెద్ద చిత్రకారుడు ముఖం వేస్తే బట్టలు వేయడానికి వేరే మనుషులుండేవారు, దొరసాని గౌను పంపిస్తే దాన్ని మనిషంత బొమ్మకి తొడిగి చూసుకుంటూ వేసేవారు. ఫ్రాన్సులో 1783లో విజె లెబ్రన్ అనే చిత్రకారిణి రాణి మేరీ ఆంటోనెట్‌ని తెల్లటి మస్లిన్ గౌను, గడ్డి టోపీతో వేసింది, రాణిని లోపలి బట్టలతో చూపిస్తారా అని పెద్ద గొడవై ఎగ్జిబిషన్ నుంచి తీసేశారు, పట్టు గౌనుతో ఇంకోటి వేయాల్సొచ్చింది. అంత తిట్టిన ఆ గౌనే తర్వాత రాణి పేరుతో ఫ్యాషన్ అయ్యింది.

మన రవివర్మగారికి 1888లో బరోడా మహారాజు పురాణాల మీద 14 బొమ్మలు చెప్తే, వాటిలో వాళ్ళకి ఏ బట్ట కట్టాలో తేల్చుకోడానికి తమ్ముడితో కలిసి ఉత్తరదేశం తిరిగొచ్చి చివరికి చీరే కట్టారు. 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాక ఆయన బొమ్మలు ఇంటింటికీ చేరాయి, వాటి మీద జరీ, తళుకులు, గుడ్డముక్కలు అంటించుకునేవాళ్ళు కూడా ఉండేవారు. దర్బారు గోడ మీది బొమ్మ నేతవాళ్ళ ఇంటికి రావడం నాకు చాలా గొప్ప విషయం అనిపిస్తుంది. మా వీధిలో దేవాంగుల ఇళ్ళలో మగ్గం పైన లక్ష్మీదేవి పటం ఉండేది, పట్టుచీర నేయించుకోడానికి వచ్చిన పెళ్ళివాళ్ళు "అదిగో, అమ్మవారు కట్టుకున్న ఆ ఎరుపు" అని వేలు పెట్టి చూపించడం చిన్నప్పుడు చూశాను.

ఇక మీ పటంలో కోటు భుజాలు సరిపోయాయా, చేతులు వేళ్ళ మీదకి వచ్చేశాయా చూడండి, స్టూడియో కోటు అందరికీ ఒకటే సైజు కాబట్టి అక్కడ తెలిసిపోతుంది. కత్తి ఒరని ఆయన చెయ్యి పట్టుకుందా, ఊరికే ఆనుకుందా అదీ చూడండి. వెనక అట్ట మీద స్టూడియో ముద్ర ఉండొచ్చు. జమీ సంగతి మాత్రం పాత భూమి కాగితాల్లోనే వెతకాలి. పటం విప్పినప్పుడు తడిగుడ్డతో తుడవకండి దయచేసి, మా ఇంట్లో ఒకటి అలాగే తుడిస్తే ముఖం మొత్తం చెరిగిపోయింది.