పర్లాకిమిడిలో పిల్లల కథలకు తోడు

ప్రశ్న: నేను పదేళ్లుగా ఐదారేళ్ల పిల్లల కోసం తెలుగులో కథలు రాస్తున్నాను. మా వీధి పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడినా, బడిలో ఒడియా నేర్చుకుంటున్నందువల్ల నా కథలు చదవలేరు. సాహిత్య సభలకు వెళితే, పిల్లల కథలంటే రాత నేర్చుకునేవాళ్ల పని అన్నట్టు చూస్తారు. ప్రచురణకర్తలకు పంపిన రెండు కథలకు జవాబు రాలేదు. బొమ్మలు కూడా వేయించి పంపాలా? నా రాత చూసి బాగోగులు చెప్పే తోడు ఎక్కడ దొరుకుతుంది?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీ వీధి పిల్లలు మీ కథలు చదవలేరని రాశారమ్మా, వినలేరని రాయలేదు. ఆ వయసు పిల్లలకు ఎక్కడైనా పెద్దవాళ్లు కథ చదివి వినిపించవలసిందే కనుక, మీ మొదటి తోడు వాళ్లే. వారానికొక సాయంత్రం నలుగురిని అరుగు మీద కూర్చోబెట్టి, కథను ఇంట్లో మరొకరి చేత చదివించండి. మీరే చదివితే కాగితం మీద లేని భావాన్ని గొంతుతో పూరించేస్తారు. మీరు పక్కన కూర్చుని, ఏ వాక్యం దగ్గర పిల్ల చూపు వీధిలో సైకిలు వైపు మళ్లిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి. బాగుందా అని అడగవద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. మర్నాడు ఆ కథను వాళ్లనే చెప్పమనండి.

మీ ప్రాంతానికి ఇది కొత్త కాదు. బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావుగారు, ఆయన భార్య కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలను చుట్టూ చేర్చుకుని పనిచేసినవారే. 1945లో ‘బాల’ పత్రిక పెట్టినదీ వాళ్లే. మీ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర అనే గిరిజన తెగ మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు.

ఇక రాసేవాళ్ల తోడు. పెద్ద సంఘం అక్కరలేదు, పిల్లలకు రాసేవాళ్లు ఇద్దరు ముగ్గురు చాలు. పిల్లల పత్రికల్లో మీకు నచ్చిన కథ కనబడితే, అందులో ఏ వాక్యం ఎందుకు నచ్చిందో చెబుతూ సంపాదకుల ద్వారా ఆ రచయితకు ఉత్తరం రాయండి. పరిచయం కుదిరాక నెలకొక కథ ఇచ్చిపుచ్చుకోండి. అభిప్రాయంతోపాటు కథను పైకి చదివి వాట్సాప్‌లో గొంతు పంపమనండి. వాళ్లు తడబడిన చోటు మీకే వినబడుతుంది. కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, శ్రీకాకుళంలోనే ఉంది, ఒకసారి వెళ్లి రండి. సభల మాట అంటారా, శాలువలు కప్పే చోట కథ దిద్దే తీరిక ఎవరికీ ఉండగా నేను చూడలేదు.

మీకు ఒడియా కూడా వస్తే, ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థవారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటులో ఒక ఒడియా కథను తెలుగు చేసి చూడండి. పేజీకి ఎన్ని మాటలు పడతాయో చేతికి తెలుస్తుంది, అనువదించేవాళ్లతో పరిచయమూ కలుగుతుంది. అయితే అక్కడ పెట్టిన కథను ఎవరైనా వాడుకోవచ్చు కనుక, ప్రచురణకర్తకు పంపదలచినదాన్ని అక్కడ పెట్టవద్దు.

బొమ్మలకు డబ్బు ఖర్చు పెట్టకండి, చిత్రకారులను సాధారణంగా ప్రచురణకర్తలే ఎంచుకుంటారు. నాలుగు ఎ4 కాగితాలను మధ్యకు మడిచి కుడితే పదహారు పేజీల నమూనా పుస్తకం అవుతుంది. అందులో కథను పేజీలవారీగా రాసి, ఏ మాట దగ్గర పేజీ తిరగాలో చూసుకోండి. ‘ఎర్ర గౌను వేసుకున్న చిట్టి నవ్వుతూ పరుగెత్తింది’ అన్నచోట గౌనూ నవ్వూ బొమ్మలో కనబడేవే కనుక, ‘చిట్టి పరుగెత్తింది’ అంటే చాలు.

జవాబు రాని కథల విషయంలో మూడు నెలలు చూసి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ పలకకపోతే మరొకరికి పంపండి, పంపేముందు మాత్రం అరుగు మీద ఇంకొకసారి చదివించండి.