లైటు వెలగలేదు సరే, కేబుల్ పొడవు ముందే చెప్పారా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఆరుగురితో చిన్న డైవింగ్ యూనిట్ నడుపుతున్నాను. నీళ్లలో దిగి డ్యామ్ షట్టర్లు, జాక్‌వెల్‌లు (పంపులతో నీళ్లు తోడే బావులు) తనిఖీ చేయడం మా పని. ఐదు నెలల క్రితం ఒక డీలర్ దగ్గర నీళ్లలో వాడే 400 వాట్ల సోడియం లైట్లు నాలుగు, చోక్‌లతో సహా 6 లక్షలకు కొన్నాను. 4 లక్షలు కట్టి, మిగతా 2 లక్షలకు రాబోయే తేదీ వేసి చెక్కు ఇచ్చాను. సైటులో రెండు లైట్లను గట్టు మీదే కాసేపు వెలిగించి చూసి నీళ్లలోకి దింపితే అద్దాలు పగిలాయి. మిగతా రెండూ 60 మీటర్ల కేబుల్ మీద దింపితే ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయాయి. ఇంటికొచ్చాక డ్రమ్ములో నీళ్లు పోసి, చోక్ పక్కనే పెట్టి చూస్తే ఆ రెండూ వెలిగాయి. పని ఆగిపోయి బిల్లులో 3 లక్షలు కోత పెట్టారు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి డైవర్లకు జీతాలిచ్చాను. డీలర్ ఫోన్ ఎత్తడం లేదు. కడుపు మండి, ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ ఇచ్చాను. ఇప్పుడు లాయర్ నోటీసు వచ్చి ఆరు రోజులైంది. చెక్కు పోయిందని పోలీసు కంప్లైంట్ ఇస్తే కేసు నిలవదని ఒక మిత్రుడు చెబుతున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నాకు న్యాయం జరగదా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బంగారం తాకట్టు, డీలర్ ఫోన్ ఎత్తకపోవడం ఈ కేసును తేల్చవు. తేల్చేది ఒకే ప్రశ్న. చోక్‌కూ లైటుకూ మధ్య 60 మీటర్ల కేబుల్ ఉంటుందని కొనక ముందే మీరు డీలర్‌కు చెప్పారా? చెబితే దానికి కాగితం ఉందా?

సోడియం లైటు మామూలు బల్బు కాదు. వెలుగుతున్నప్పుడు దానికి సుమారు 100 వోల్టులు చాలు. వెలగడం మొదలవడానికి మాత్రం ఇగ్నైటర్ కొన్ని వేల వోల్టుల పల్స్ కొట్టాలి. ఇగ్నైటర్ గట్టు మీద చోక్ పెట్టెలో, లైటు ఎక్కడో నీళ్ల అడుగున ఉంటే ఆ పల్స్‌ను పొడవాటి కేబులే మింగేస్తుంది. అంత దూరానికి పనికొచ్చే ఇగ్నైటర్ విడిగా తీసుకోవాలి. డ్రమ్ములో వెలిగి డ్యామ్‌లో వెలగలేదంటే లైటు మంచిదే, దానికి జతచేసిన సామాను ఆ దూరానికి సరిపడేది కాదన్నమాట. మీకు అనుకూలమైన రుజువు ఇదే. దాన్ని ఫోన్‌లో వీడియో కూడా తీయలేదా?

వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ప్రకారం, సరుకు ఏ పనికో కొనేవాడు ముందే తెలియజేసి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడితే, ఆ పనికి అది పనికొచ్చి తీరాలి. తెలియజేయకపోతే డీలర్ ‘అడిగిన సరుకు ఇచ్చాను’ అని చేతులు దులుపుకుంటాడు. మీకు పడిన 3 లక్షల కోతకూ ఇదే వర్తిస్తుంది. లైట్లు ఏ పని కోసమో, అవి వెలగకపోతే మీకు ఏ నష్టం వస్తుందో అతనికి ముందే తెలిసి ఉంటేనే కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద ఆ సొమ్ము అడగగలరు. ‘ఫోన్‌లో చెప్పాను’ అంటే కోర్టులో అది మీ మాట, అతని మాట అవుతుంది. కొటేషన్, పర్చేజ్ ఆర్డర్, మెయిల్, వాట్సాప్ మెసేజ్, ఏదో ఒకదానిలో ‘60 మీటర్లు’ అనే మాట కనిపించాలి. ఈ రోజే వెతకండి. వాట్సాప్‌లో దొరికితే ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. ఎలక్ట్రానిక్ రుజువుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఒట్టి స్క్రీన్‌షాట్ ప్రింటు చాలదు.

పగిలిన రెండు లైట్లనూ వెలగని రెండింటినీ ఒకే గాటన కట్టకండి. నీళ్లలో వాడే లైటు తన వేడిని నీళ్లకే వదులుతుంది. గట్టు మీద గాలిలో వెలిగించి, కాలిపోతున్న అద్దాన్ని చన్నీళ్లలో ముంచితే పగలక ఏమవుతుంది? లైటుతో వచ్చిన వాడకం కాగితం చదివారా? ‘నీళ్ల బయట వెలిగించరాదు’ అని దానిలో ఉంటే ఆ రెండింటి సంగతి వదిలేయండి. వాటిని కూడా డీలర్ నెత్తిన రుద్దబోతే, మిగతా రెండింటిపై మీ నిజమైన వాదన కూడా పలచబడుతుంది. పగిలిన ఫిట్టింగులను మళ్లీ కరెంటుకు కలపనే వద్దు. మీ మనుషులు నీళ్లలో ఉంటారు.

ఇంకో నిర్లక్ష్యం కూడా చెప్పాలి. ఐదు నెలల్లో మీరు డీలర్‌కు రాతపూర్వకంగా ఒక్క ఫిర్యాదూ పంపినట్టు లేదు. ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. సరుకు తిప్పి పంపే హక్కు కొన్నవాడికి సమంజసమైన గడువు దాకే ఉంటుంది. తిరస్కరిస్తున్నానని చెప్పకుండా దగ్గర ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. కాబట్టి ఇప్పుడు లైట్లు వెనక్కి ఇచ్చేస్తానన్న మాట నిలవడం కష్టం. మిగిలేది నష్టపరిహారం. దానికి గడువు మూడేళ్లు ఉంది, తొందర లేదు.

తొందర చెక్కుది. నోటీసు అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెల లోపు డీలర్ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) 138వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లవచ్చు. ఆరు రోజులు అయిపోయాయి. స్టాప్ పేమెంట్ ఇస్తే 138 వర్తించదనుకోవడం పొరపాటు. వర్తిస్తుందని సుప్రీం కోర్టు 1998లోనే చెప్పింది. చెక్కు బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందే భావిస్తుంది, కాదని చూపించాల్సింది మీరు. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. కేసు నడుస్తుండగానే 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమనే అధికారం కూడా కోర్టుకుంది.

మీ మిత్రుడి సలహా మాత్రం చెవిన పెట్టకండి. స్టాప్ పేమెంట్‌కు బ్యాంకులో ఏ కారణం రాశారు? ‘సరుకు బాగోలేదు’ అని రాసి ఉంటే ఆ కాగితం బ్యాంకు ఫైల్లో భద్రంగా ఉంది. ఇప్పుడు చెక్కు పోయిందని స్టేషన్‌లో రాసిస్తే మీ సంతకంతోనే రెండు కథలు తయారవుతాయి. పోలీసులకు అబద్ధపు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం. ఈ రోజు మీరు మోసపోయిన కొనుగోలుదారు. ఆ కంప్లైంట్ ఇచ్చిన మర్నాటి నుంచి మీరే ముద్దాయి.

ఇక చేయాల్సింది. 60 మీటర్ల మాట రాతలో దొరికితే, 15 రోజుల లోపే లాయర్ ద్వారా జవాబు పంపండి. సరుకు ఆ పనికి సరిపోలేదనీ, వస్తు విక్రయ చట్టం 59వ సెక్షన్ కింద నష్టాన్ని ధరలోంచి మినహాయించుకుంటున్నాననీ, కాబట్టి 2 లక్షల బాకీ లేదనీ స్పష్టంగా రాయాలి. అప్పుడు కూడా డీలర్ కేసు వేయవచ్చు. కానీ మీ చేతిలో నిలబడే వాదన ఉంటుంది.

రాతలో దొరక్కపోతే గడువు లోపే ఆ 2 లక్షలు బ్యాంకు ద్వారా కట్టేయండి. ‘నా హక్కులు వదులుకోకుండా, నిరసనతో చెల్లిస్తున్నాను’ అని అదే రోజు లేఖ పంపండి. మనసు ఒప్పదని తెలుసు. కానీ క్రిమినల్ కేసు అక్కడితో పోతుంది, నష్టం అడిగే దారి మూసుకోదు.

వినియోగదారుల కమిషన్ మీకు సరైన చోటు కాదు. ఆరుగురితో నడిచే యూనిట్ కాబట్టి వ్యాపారం కోసం కొన్నారనే అభ్యంతరం మొదటి వాయిదాలోనే వస్తుంది. మీరు అడిగేది 3 లక్షలకు తగ్గకపోతే అది కమర్షియల్ కోర్టు వ్యవహారం. అత్యవసర ఉత్తర్వు అవసరం లేనప్పుడు దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఇలాంటి తగాదా అక్కడ తేలితే ఇద్దరికీ మేలే.

అప్పటిదాకా నాలుగు లైట్లూ, నాలుగు చోక్ పెట్టెలూ ఎవరినీ ముట్టుకోనివ్వకండి. పెట్టెల మీది లేబుళ్లు చదవగలిగేలా దగ్గర నుంచి ఫొటోలు తీయండి. మంచిగా ఉన్న రెండు లైట్లనూ ఇంజినీరింగ్ కాలేజీ ఎలక్ట్రికల్ విభాగంలోనో టెస్టింగ్ ల్యాబ్‌లోనో పరీక్ష చేయించండి. నీళ్లలో ఉంచి, ఒకసారి 5 మీటర్ల కేబుల్ మీద, ఒకసారి మీ 60 మీటర్ల కేబుల్ మీద. పరీక్ష తేదీ డీలర్‌కు ముందే స్పీడ్ పోస్టులో తెలపండి, రాకపోయినా ఆ రసీదు దాచండి. నోటీసు కవరు కూడా పారేయకండి. అది మీకు ఏ రోజు అందిందన్న దాని మీదే 15 రోజుల లెక్క నడుస్తుంది.